6.9 మిల్లీమీటర్ల గోడ: ఒక పిల్లి గుండె కేసు

ఈ కేసులో నేను మూడు చోట్ల తడబడ్డాను. రెండు మందుల దగ్గర, ఒకటి మాట దగ్గర. మందుల తప్పులు కొద్ది రోజుల్లో సర్దుకున్నాయి. నోరు జారడం వల్ల మాత్రం, బతకాల్సిన పిల్లిని శాశ్వతంగా నిద్రపుచ్చేసే దాకా వెళ్ళాం. ఓనర్ల వివరాలు, తేదీలు, పిల్లిని గుర్తుపట్టే ఆనవాళ్ళు తీసేసి మిగతాది రాస్తున్నాను.

మొదటి రాక

రెండున్నరేళ్ళ మగ పిల్లి, న్యూటరింగ్ అయినది, బరువు 4.4 కిలోలు. జాతి పిల్లి కాదు, పొట్టి వెంట్రుకల మామూలు పిల్లి. జాతి ఊసు ఎందుకంటే, గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతికి మెయిన్ కూన్ జాతిలో 2005లో, రాగ్‌డాల్ జాతిలో 2007లో జన్యు లోపాలు కనిపెట్టారు. అప్పటి నుంచి ఈ జబ్బు జాతి పిల్లులదేనని మనలో చాలామందికి ఒక అభిప్రాయం పడిపోయింది. ఇంగ్లండ్‌లో ఆశ్రయ కేంద్రాల్లోని పిల్లులకు గుండె స్కాన్ చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పైకి ఆరోగ్యంగా కనిపించిన వాటిలోనే దాదాపు 15 శాతానికి ఈ జబ్బు ఉంది. వాటిలో ఎక్కువ భాగం మామూలు పిల్లులే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు గుర్తుకు రాలేదు.

వాళ్ళు తెచ్చింది గుండె కోసం కాదు. తోక మొదట్లో ఇంకో పిల్లి కరిచిన గాయం చీము పట్టి నిమ్మకాయంత గడ్డ కట్టింది. జ్వరం 104.1 డిగ్రీల ఫారెన్‌హీట్. స్టెతస్కోప్ పెడితే గుండె చప్పుడు శుభ్రంగా ఉంది, మర్మర్ (చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు హోరు) లేదు. కీటమిన్ కలిపిన మత్తు ఇచ్చి, గడ్డ కోసి, కడిగి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి పంపేశాను. గంట పని. కానీ డ్రిప్ మాత్రం, పూర్తిగా తెలివి వచ్చేదాకా ఉండనీ అని, నాలుగు గంటలు నడిచింది. గంటకు కిలోకు 10 మిల్లీలీటర్లు నేను చదువుకున్న రోజుల లెక్క, చేతికి అలవాటైపోయింది. మొత్తం 170 మిల్లీలీటర్ల పైన ఎక్కింది. ఆ సైజు పిల్లి ఒంట్లో ఉండే రక్తమే సుమారు 260 మిల్లీలీటర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్నది వారం తర్వాత.

నాలుగో రోజు

గాయం బాగా మానుతోంది. కానీ పిల్లి తినడం తగ్గించి, మంచం కింద నుంచి బయటికి రావడం లేదట. "కట్టు విప్పాక కూడా దాక్కుంటోంది డాక్టర్ గారూ, నొప్పేమో" అన్నారావిడ. టేబుల్ మీద పెడితే నిమిషానికి 52 సార్లు ఊపిరి తీస్తోంది. గుండె వేగం 216. క్లినిక్‌కి వచ్చిన టెన్షన్‌కి ఏ పిల్లికైనా ఊపిరి పెరుగుతుంది కాబట్టి అందులో సగం కొట్టిపారేశాను. ఊపిరితిత్తుల చప్పుడు కాస్త గరుగ్గా ఉంది.

అసిస్టెంట్ థర్మామీటర్ చూసి "98.6, జ్వరం దిగిపోయింది సార్" అన్నాడు. నేనూ తలూపాను. మనిషికి 98.6 అంటే నార్మల్. పిల్లికి 100.5 కన్నా తగ్గకూడదు. ఆయాసపడుతున్న పిల్లి ఒళ్ళు చల్లబడిందంటే, గుండె సరిగా రక్తం పంపడం లేదేమోనని ముందు అనుమానించాలి. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయాసపడే పిల్లికి సాధారణంగా ఒంటి వేడి అంతగా పడిపోదు. నాలుగు రోజుల కిందటి 104 నా బుర్రలో కూర్చుని ఉంది కాబట్టి, ఈ 98.6 నాకు శుభవార్తలా వినిపించింది.

వయసు చిన్నది, మర్మర్ లేదు, ఊపిరి గరుకు. మూడూ కలిపి ఆస్తమా అనుకున్నాను. ఎక్స్‌రేకి పడుకోబెడితే ఇంకా అల్లాడుతుందని వద్దనుకున్నాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. ఎక్స్‌రే లేకుండానే ఒక జబ్బు మీద పందెం కాయడం తప్పు. దగ్గు లేదన్న సంగతి నన్ను అక్కడే ఆపాల్సింది, ఎందుకంటే ఆస్తమా పిల్లి సాధారణంగా దగ్గుతుంది. గుండె జబ్బు కుక్కలో దగ్గు తెస్తుంది గానీ పిల్లిలో అరుదు. డెక్సామెథసోన్, టెర్బుటలిన్ ఇంజెక్షన్లు ఇచ్చాను. మొదటిది స్టీరాయిడ్. స్టీరాయిడ్ తర్వాత కొన్ని పిల్లుల్లో గుండె వైఫల్యం బయటపడుతుందన్నది పాత పరిశీలనే. రెండోది శ్వాసనాళాలను తెరుస్తుంది, దాంతోపాటు గుండెను పరిగెత్తిస్తుంది. అప్పటికే 216 మీద పరిగెడుతున్న గుండె.

రెండు గంటలు ఉంచుకుంటే కాస్త నెమ్మదించినట్టు కనిపించింది. ఇంటికి పంపాను. నెమ్మదించడం కాదది, అలసిపోవడం.

ఆ రాత్రి

పదకొండు గంటలకు మళ్ళీ తెచ్చారు. నోరు తెరిచి, మెడ ముందుకు చాచి, మోచేతులు పక్కలకు విప్పి కూర్చుంది. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేస్తోంది. నిమిషానికి 84. చిగుళ్ళు బూడిద రంగు. కుక్క నోరు తెరిచి ఒగర్చడం వేరు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఇక సమయం లేదనే అర్థం.

ఇలాంటప్పుడు చేతులు ఏదో ఒకటి చేయాలని ఉబలాటపడతాయి. సూది గుచ్చాలని, రక్తం తీయాలని, ఎక్స్‌రే ప్లేటు మీద పడుకోబెట్టాలని. ఆ స్థితిలో పిల్లిని అదిమి పట్టుకుంటే చేతుల్లోనే పోతుంది. బుట్టలోంచి బయటికి లాగలేదు. బుట్ట పై మూత విప్పి, అలాగే ఆక్సిజన్ పెట్టెలో పెట్టాం. భయం తగ్గించే మత్తు మందు బ్యుటార్ఫనాల్ కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున కండరంలోకి. తర్వాత పది నిమిషాలు లైట్లు తగ్గించి ఎవరం ముట్టుకోలేదు. ఆ పది నిమిషాలూ ఓనర్ గారు గాజు తలుపు అవతల నిలబడి, ఎందుకు ఏమీ చేయడం లేదన్నట్టు చూస్తున్నారు. బయటికి వెళ్ళి, "ఇప్పుడు దాన్ని వదిలేయడమే వైద్యం అమ్మా, భయం తగ్గితే సగం ఆయాసం తగ్గుతుంది" అని చెప్పాను.

కాస్త కుదుటపడ్డాక, కూర్చున్న భంగిమలోనే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని ఛాతీ పక్కన ఆనించాను. వెంట్రుకలు తీయలేదు, స్పిరిట్ రాసి చూశాను. ఒక నిమిషం చాలు. ఊపిరితిత్తుల మీద నిలువు తెల్ల గీతలు రెండు వైపులా వరుసగా ఉన్నాయి, అంటే తడి. ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ సన్నని పొర మాత్రమే నీరు. సూదితో తీసేంత లేదు. అదే ఎక్కువగా ఉంటే ముందు నీరు తీయాలి, ఎందుకంటే మూత్రం మందు దాన్ని అంత త్వరగా దించలేదు. ఆ పైన ఎడమ కర్ణిక, అంటే ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం చేరే గుండె పై గది. పక్కనే ఉన్న మహాధమనితో పోల్చితే చూపుకే రెట్టింపు ఉంది. మామూలు పిల్లిలో ఆ నిష్పత్తి 1.5 దాటదు. ఆస్తమా పిల్లికి ఎడమ కర్ణిక ఉబ్బదు. మధ్యాహ్నం ఈ ఒక్క నిమిషం కేటాయించి ఉంటే ఆ ఇంజెక్షన్లు పడేవి కావు.

మూత్రం మందు ఫ్యూరోసెమైడ్ కిలోకు 2 మిల్లీగ్రాములు, గంట తర్వాత ఇంకో 1. డ్రిప్ ఊసే లేదు. తినడం లేదు కదా, సెలైన్ పెట్టరా అని ఆవిడ భర్త అడిగారు. ఊపిరితిత్తుల్లో ఉన్న నీటిని బయటికి తోడుతూ ఇంకో చేత్తో నీరు పోయలేం కదా అన్నాను. నాలుగు రోజుల కిందట పోసింది నేనేనని ఆ రాత్రి చెప్పలేదు. తర్వాత చెప్పాను.

ఒంటిగంటకు ఊపిరి 66. మూడింటికి ఇసుక ట్రేలో పెద్ద ఉండ కట్టింది, మూత్రం పోస్తోంది. తెల్లారేసరికి 44, నోరు మూసుకుంది. అప్పుడు స్టెతస్కోప్ పెడితే కొత్తగా ఒక మూడో చప్పుడు, గుర్రం దౌడులాగా. అదే గ్యాలప్. పిల్లుల్లో మర్మర్‌ని నమ్ముకోవడానికి లేదు. ఆరోగ్యమైన గుండెలోనూ వినిపిస్తుంది, జబ్బు గుండెలోనూ మాయమవుతుంది. గ్యాలప్ వినిపిస్తే మాత్రం పక్కన పెట్టకూడదు.

స్కాన్, దాని మీద నేను చెప్పిన మాట

ఆ మర్నాడు గుండె స్కాన్‌లో అనుభవం ఉన్న మిత్రుడు వచ్చి పూర్తి ఎకో చేశాడు. ఎడమ జఠరిక (రక్తాన్ని ఒంట్లోకి పంపే కింది గది) గోడ 6.9 మిల్లీమీటర్లు. ఎడమ కర్ణిక, మహాధమని నిష్పత్తి 2.1. కర్ణికలో రక్తం పొగలా సుడులు తిరుగుతోంది, అంటే గడ్డ కట్టే దారిలో ఉంది. రక్తం బయటికి పోయే దారిలో అడ్డు లేదు. బీపీ 135. చిన్న వయసు కాబట్టి థైరాయిడ్ పరీక్ష పంపలేదు. ముసలి పిల్లి అయితే అది చూడకుండా ఒక్క అడుగూ వేయకూడదు, థైరాయిడ్ పెరిగినా, బీపీ పెరిగినా గోడలు మందమవుతాయి. ట్రోపోనిన్ మాత్రం చాలా ఎక్కువ వచ్చింది. గుండె కండరం దెబ్బతింటున్నప్పుడు రక్తంలోకి కారే ప్రోటీన్ అది.

గోడ 6 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే మందమైనట్టు లెక్క. 5 లోపు అయితే మామూలు. 5కీ 6కీ మధ్య ఉంటే అది అక్షరాలా గోడ మీద పిల్లి. మందమైన కండరం బిగుసుకుపోతుంది. పిండగలదు, వదులవలేదు. వదులవకపోతే నిండదు. నిండాల్సిన రక్తం వెనక్కి, కర్ణికలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి తన్నుకొస్తుంది. అందుకే గుండె గట్టిగా కొట్టుకుంటున్నట్టే కనిపిస్తూ పిల్లి మునిగిపోతుంది.

6.9 నా కళ్ళ ముందు ఉంది. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, ఇది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, గుండె వైఫల్యం దశకు వచ్చేసింది, నయం కాదు, ఇక్కడి నుంచి నెలల లెక్కే అని చెప్పాను. కర్ణికలో గడ్డ కట్టి వెనక కాళ్ళకు రక్తం ఆగిపోయే ప్రమాదం గురించీ చెప్పాను. అవన్నీ అబద్ధాలు కావు, ఆ జబ్బు అయితే. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళీ నిన్న రాత్రి లాగా అవుతుందా? అయితే ఇప్పుడే నిద్రపుచ్చేయండి, దాన్ని అలా ఇంకోసారి చూడలేను" అన్నారు. నేను వద్దనలేదు. అది తప్పు నిర్ణయం కాదు అన్నాను. ఆయనే, "ఒక్క వారం చూద్దాం" అన్నారు.

పిల్లి బతికింది ఆ ఒక్క మాట వల్ల. వైద్యుడిగా అందులో నా గొప్పేమీ లేదు.

ఇంట్లో మందులు

ఫ్యూరోసెమైడ్ సిరప్ రోజుకు రెండుసార్లు, కిలోకు 1 మిల్లీగ్రామ్ చొప్పున. గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్, 75 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, అంటే 18.75, రోజుకొకసారి. ఆస్పిరిన్ ఎందుకు కాదంటే, ఒకసారి గడ్డ కట్టి బతికిన పిల్లుల మీద రెండింటినీ పోల్చి 2015లో ప్రచురించిన పరీక్షలో రెండో గడ్డ రావడానికి పట్టిన మధ్యస్థ కాలం ఆస్పిరిన్‌తో 192 రోజులు, క్లోపిడోగ్రెల్‌తో 443 రోజులు. మా పిల్లికి ఇంకా గడ్డ రాలేదు. అయినా కర్ణిక అంత ఉబ్బి, పొగ కనిపిస్తున్నప్పుడు ఆగడం ఎందుకు?

వాళ్ళు ఎక్కడో చదివి అటెనొలాల్ గురించి అడిగారు. ఊపిరితిత్తుల్లో నీరున్నప్పుడు గుండెను నెమ్మదింపజేసే మందు మొదలుపెట్టకూడదు. నీరు తగ్గాక కూడా, దారిలో అడ్డు లేని పిల్లిలో దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదు. బెనజెప్రిల్ అనే బీపీ మందుదీ అంతే. పిల్లి నోట్లోకి వెళ్ళే ప్రతి మాత్రా ఓనర్‌కీ పిల్లికీ మధ్య ఒక యుద్ధం. రుజువు లేని యుద్ధాలు వద్దన్నాను.

రుజువున్న యుద్ధమే ఓడిపోయాం మొదట. క్లోపిడోగ్రెల్ చేదు మామూలు చేదు కాదు. నలగ్గొట్టి తిండిలో కలపమని చెప్పింది నేనే. ఒక్క ముద్ద నోట పెట్టి, నురగ కక్కుతూ, తల విదిలిస్తూ ఇల్లంతా పరిగెత్తిందట. ఆ తర్వాత రెండు రోజులు ఆ గిన్నెనే చూడలేదు. ఆకలి లేని పిల్లికి ఉన్న తిండి మీద కూడా అసహ్యం కలిగించాను. మూడో రోజు చిన్న ఖాళీ జెలటిన్ క్యాప్సూల్స్ ఇచ్చి, ముక్కను అందులో పెట్టి, క్యాప్సూల్ బయట పొడి అంటకుండా తుడిచి, నాలుక వెనక పెట్టి, వెంటనే సిరంజితో కొద్దిగా నీళ్ళు పోయడం చూపించాను. నీళ్ళు పోయకపోతే క్యాప్సూల్ అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. గిన్నె కూడా మార్చమన్నాను. నాలుగో రోజు నుంచి ఇబ్బంది లేదు.

రెండో ఓటమి తొమ్మిదో రోజు. పిల్లి మళ్ళీ నీరసం, తిండి లేదు. చర్మం లాగి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్తోంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 నుంచి 2.9కి ఎక్కింది, పొటాషియం పడిపోయింది. ఊపిరి 20. నీరు బయటికి తోడడంలో మోతాదు మించాం. అదే రోజు ఎకోలో గోడ 7.2. జబ్బు పెరుగుతోందని నాకు గుండె గుభేలుమంది. మిత్రుడు నవ్వి, "ఒంట్లో నీళ్ళు లేని పిల్లికి గుండె గది కుంచించుకుపోతుంది, గోడ మందంగా కనబడకేం చేస్తుంది, ముందు డోసు తగ్గించు" అన్నాడు. సగం చేశాను. ఐదు రోజుల్లో క్రియాటినిన్ 1.6కి దిగింది, పిల్లి గిన్నె దగ్గరికి దానంతట అదే వచ్చింది.

డోసు తగ్గించే ధైర్యం ఎక్కడిదంటే ఆవిడ నోట్‌బుక్‌ది. పిల్లి గాఢ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట పైకీ కిందికీ వెళ్ళి వస్తే ఒకటి, అలా పూర్తి నిమిషం లెక్కపెట్టి రాయమన్నాను. 30 దాటితే ఇంకో గంటకు మళ్ళీ చూడాలి, తగ్గకపోతే ఫోన్ చేయాలి. 26, 24, 24, 22. ఒక రాత్రి 41 అని మెసేజ్. ఫోన్ చేస్తే, "టార్చ్ వేసి చూశాం, గుర్రు గుర్రుమంటోంది" అన్నారాయన. గుర్రుమంటున్నప్పుడు లెక్క పనికిరాదు, కలలో మీసాలు, పాదాలు అదురుతున్నప్పుడు కూడా. టార్చ్ ఆపేసి, అరగంట తర్వాత తలుపు దగ్గర నుంచి చూడమన్నాను. 23.

ఆరో వారం

ఆరో వారం ఎకోలో గోడ 5.6. కర్ణిక నిష్పత్తి 1.6. నేను ముందు నమ్మలేదు. ప్రోబ్ కోణం మారితే అర మిల్లీమీటరు ఇటూ అటూ పోతుంది, గోడకు ఆనుకున్న చిన్న కండరపు స్తంభాన్ని కలిపి కొలిస్తే ఒక మిల్లీమీటరు అబద్ధం వస్తుంది. పాత వీడియోలు తెరిచి, అదే కోణంలో, అదే దశలో, మూడు గుండె స్పందనలు తీసుకుని మిత్రుడు మళ్ళీ కొలిచాడు. పాతవి 6.9 దగ్గరే నిలిచాయి. కొత్తవి 5.6 దగ్గరే. కొలత తప్పు కాదు, గుండే మారింది.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో మందమైన గోడ తనంతట తాను మామూలు కొలతకు రాదు. చివరి దశలో కొన్ని గుండెలు పలచబడతాయి, కానీ అప్పుడు పిండే శక్తీ పోతుంది, కర్ణిక ఇంకా ఉబ్బుతుంది. ఇక్కడ కర్ణిక కూడా దిగుతోంది, పిండడం చక్కగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది 2018లో వచ్చిన ఒక పరిశోధన. గుండె వైఫల్యంతో వచ్చి, మందమైన గోడలు కొన్ని నెలల్లో మామూలైపోయిన 21 పిల్లులను అందులో వర్ణించారు. అసలు జబ్బున్న పిల్లులకన్నా ఇవి వయసులో చాలా చిన్నవి. 21లో 15 పిల్లులకు కొద్ది రోజుల ముందే మత్తు లాంటి ఏదో ఒక పెద్ద ఒత్తిడి ఎదురైంది. ట్రోపోనిన్ కూడా వాటిలో ఎక్కువ. మా పిల్లి వయసు, మత్తు, ట్రోపోనిన్, మూడూ మొదటి స్కాన్ నాటికే కేస్ షీట్‌లో రాసి ఉన్నాయి. రాసింది నేనే.

ఫ్యూరోసెమైడ్‌ని ఒక్కసారిగా ఆపలేదు. వారానికోసారి సగం చేస్తూ, ప్రతి తగ్గింపు తర్వాత మూడు రాత్రుల లెక్క చూసుకుంటూ, తొమ్మిదో వారానికి ఆపాం. పన్నెండో వారంలో గోడ 4.8, నిష్పత్తి 1.3, పొగ లేదు. క్లోపిడోగ్రెల్ మాత్రం ఇంకో నెల కొనసాగించి, ఇంకో స్కాన్‌లోనూ కర్ణిక మామూలుగా ఉందని చూశాకే ఆపాను. మూత్రం మందు ఆపడంలో పొరపాటు జరిగితే ఊపిరి లెక్క హెచ్చరిస్తుంది. గడ్డ విషయంలో హెచ్చరిక ఉండదు.

దీనికి పోలికగా ఇంకో పిల్లి గురించి రెండు మాటలు. కొన్ని నెలల తర్వాత తొమ్మిదేళ్ళ పిల్లి వచ్చింది, గోడ 6.8, కర్ణిక 2.0. దాదాపు అవే అంకెలు. ముందు మత్తు లేదు, జ్వరం లేదు. నాలుగు నెలల తర్వాత కూడా గోడ 6.8. ఓనర్ మాత్ర వేయలేక క్లోపిడోగ్రెల్ ఆపేశారు, నాకు చెప్పలేదు. ఒక తెల్లవారుజామున కేకలు పెడుతూ వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ ఉంటే తెచ్చారు. పాదాలు మంచులా చల్లగా, గోళ్ళ కింద నీలంగా, తొడలో నాడి అందకుండా ఉన్నాయి. దాన్ని ఆ రోజే నిద్రపుచ్చాం. అందుకే మా మొదటి పిల్లికి వేసిన మందు దండగ అయిందని నేను అనుకోను. మొదటి రోజు ఎకోలో ఈ రెండు గుండెలనూ పక్కపక్కన పెడితే ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఎందుకు జరిగి ఉంటుంది

జ్వరం, చీము, మత్తు, భయం, నేను పోసిన నీరు. వీటిలో ఏది కండరాన్ని ఉబ్బించిందో ఒక్క పిల్లిని చూసి చెప్పలేం. కండరానికి వాపు వచ్చి ఉండవచ్చని ట్రోపోనిన్ సూచిస్తుంది. ముక్క తీసి చూస్తే గానీ తేలదు, బతికున్న పిల్లి గుండెలోంచి ముక్క ఎవరు తీస్తారు? నీరు ఒక్కటే గోడను మందం చేయదు. కానీ అప్పటికే బిగుసుకుంటున్న గుండెకు 170 మిల్లీలీటర్లు మోయలేని బరువే. ఈ సంగతి నాలుగో వారంలో వాళ్ళిద్దరికీ చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మరి ఇప్పుడు మత్తు ఇవ్వాల్సి వస్తే?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబుగానే నా పద్ధతులు మారాయి. పిల్లికి మత్తులో డ్రిప్ గంటకు కిలోకు 3 మిల్లీలీటర్లతో మొదలుపెడుతున్నాను, బీపీ పడితేనే పెంచడం. ఆయాసంతో వచ్చిన పిల్లికి, ప్రోబ్‌తో కర్ణికను ఒక్క నిమిషం చూడనిదే స్టీరాయిడ్ లేదు, శ్వాసనాళాల ఇంజెక్షన్ లేదు. థర్మామీటర్ అంకె చెప్పమంటాను గానీ "నార్మల్" అనవద్దని అసిస్టెంట్‌కి చెప్పాను. అతనికి కొంచెం చిన్నతనంగా అనిపించింది, నిజానికి ఆ చీవాటు నాకు నేను పెట్టుకున్నది.

మాట విషయంలో మార్పు ఇంకా కష్టంగా ఉంది. చిన్న వయసు పిల్లి, ఈ మధ్యే ఏదైనా ఒత్తిడి ఎదురై ఉంటే, మొదటి స్కాన్ మీద జబ్బు పేరు రాయను. "గోడ మందం, కారణం తేలాలి" అని రాసి, మూడు నెలల తర్వాతి స్కాన్ తేదీ కూడా అదే కాగితం మీద రాస్తాను. ఓనర్లు పేరు కావాలంటారు, నెలల లెక్క కావాలంటారు. అటూ ఇటూ కాని జవాబు చెప్పి పంపితే డాక్టర్‌కి ఏమీ తెలియదనుకుంటారు. అనుకోనీ. ఆయాసం మందుకు లొంగకపోతే, పిల్లి బాధ పడుతూనే ఉంటే, నిద్రపుచ్చడం ఇప్పటికీ సరైన దారే. కానీ ఆ నిర్ణయం ఆ రోజు పిల్లి స్థితిని బట్టి జరగాలి, 6.9 అన్న అంకెను బట్టి కాదు.

ఆయన అడిగిన రోజు పద్నాలుగో నెలలో వచ్చింది. కింది దవడ పన్ను విరిగి చిగుళ్ళు వాచాయి, తీయక తప్పదు. ముందు వారం ఎకో చేశాం: 4.7. గుండె మీద ఒత్తిడిని చూపించే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మామూలుగా ఉంది. అయినా కీటమిన్ జోలికి వెళ్ళలేదు. బ్యుటార్ఫనాల్, అల్ఫాక్సలోన్, గంటకు 13 మిల్లీలీటర్ల డ్రిప్, తెలివి రాగానే ఆపేశాం. పన్ను తీయడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి క్లినిక్‌లోనే ఉంచి, నేనే కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను. మర్నాడు ఇంటికి వెళ్ళాక ఆవిడ పాత నోట్‌బుక్ మళ్ళీ తీశారు. వారం తర్వాత ఆ పేజీ ఫొటో పంపారు: 19, 17, 18, 18, 17, 19. ఏడో రాత్రి గడిలో అంకె లేదు. "టార్చ్ లేకుండానే లేచిపోయింది, ఆడుకుంటోంది" అని రాసి ఉంది.